నేను మూసిన గుమ్మం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. అది ధైర్యం వల్ల కాదు, ఉద్యోగం వల్ల. నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. కాలువ గట్ల మీద, శ్మశానాల పక్కన, మనిషన్నవాడు రాని ఇన్‌స్పెక్షన్ బంగళాల్లో ఒంటరిగా పడుకున్నాను. ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. ఏదో చూశామని ఎవరైనా చెబితే ఎన్ని గంటలకి, ఎంత దూరంలో, ఇంకా ఎవరు చూశారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకి వచ్చేసరికి కథ నీరుగారిపోయేది.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలూ నన్ను అడిగితే మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. అందుకే రాస్తున్నాను.

పద్దెనిమిదో ఏట నుంచి నాకు డైరీ రాసే అలవాటు. మనసులో మాటలు అందులో ఉండవు. ఎండా వానా, చేసిన పని, కొలతలు, కలిసిన మనుషులు, అంతే. ఇక్కడ రాసినదంతా 1999 డైరీ ఎదురుగా పెట్టుకుని రాసిందే.

ఆ ఏడాది జూన్‌లో పెర్త్ వెళ్ళాను. మా అమ్మాయి సుజాత, అల్లుడు రవి కానింగ్ వేల్‌లో అద్దె ఇంట్లో ఉండేవారు. సుజాతకి అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పింది. పురిటికి ఆడపిల్ల పుట్టింటికి రావాలి. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది, వస్తే చూసేవాళ్ళు లేరు. కాబట్టి పుట్టిల్లే పెట్టె సర్దుకుని బయల్దేరింది.

రవి ఒక బ్యాంకు కంప్యూటర్లలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో అందరికీ వై2కె భయం. సంవత్సరానికి రెండంకెలే రాసిన పాత ప్రోగ్రాములు రెండువేల సంవత్సరం రాగానే తికమకపడతాయని, వాటన్నిటినీ వెతికి దిద్దడమే రవి పని. రోజంతా తెర మీద అంకెలు చూసి చూసి, చేత్తో ముట్టుకునే పని ఒకటి లేకపోతే పిచ్చెక్కేలా ఉందని అనేవాడు. అందుకే అంతకు ముందు ఏడాది ఊరికి తూర్పుగా గంటన్నర దూరంలో, గోధుమ పొలాల మధ్య, ఐదెకరాల నేల, అందులో ఒక పాత రాతి కట్టడం కొన్నాడు. వాళ్ళు బార్న్ అంటారు. మన గొడ్ల సావిడి, గడ్డివామి, ధాన్యపు కొట్టు ఒకే కప్పు కింద పెడితే అది. నేను సావిడి అనే పిలిచేవాణ్ణి.

దాన్ని బాగుచేసి ఇల్లుగా మార్చాలని రవి కోరిక. వెనకటి యజమాని రాళ్ళ సందుల్లో సిమెంటు కూరాడు. తడి బయటికి పోయే దారి లేక రాళ్ళే పొట్టు రాలుతున్నాయి. ఆ సిమెంటంతా తవ్వేసి మళ్ళీ సున్నంతోనే కట్టాలి. అక్కడ ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ. నేనేమో పాత లాకుల మరమ్మతుల్లో గానుగ సున్నం ఆడించి, తాపీ పట్టి పనిచేసినవాణ్ణి. నా సామానులో కరక్కాయలు కూడా తీసుకెళ్ళాను. వాటిని నానబెట్టిన నీళ్ళు కలిపితే సున్నం గట్టిపడుతుంది. ఎయిర్‌పోర్టులో వాటిని తీసి చెత్తడబ్బాలో వేశారు. బెల్లంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

బెల్లం ఇచ్చింది కరీం. హైదరాబాదు మనిషి, కానింగ్ వేల్‌లో కిరాణా దుకాణం నడిపేవాడు. రవికి స్నేహితుడు. ఆదివారాలు మాతో పాటు వచ్చి రాళ్ళు మోసేవాడు. నేను బెల్లం నీళ్ళు సున్నంలో కలుపుతుంటే చూసి, "అంకుల్, గోడకు గులాబ్‌జామూన్ తినిపిస్తున్నరా? చీమలొచ్చి మొత్తం బార్న్ ఎత్తుకపోతయ్ చూడుండ్రి" అన్నాడు.

మొదటి రోజే సావిడి అంతా కొలిచాను. లోపల పొడుగు నలభై అడుగులు, వెడల్పు ఇరవై. గోడల మందం రెండడుగులు. తూర్పున బండి పట్టే పెద్ద గుమ్మం, పదడుగుల వెడల్పు. దానికి తలుపులు ఊడిపోయాయి. నైరుతి మూల, దక్షిణపు గోడలో, ఒక చిన్న గుమ్మం. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల ఏడంగుళాల ఎత్తు.

ఆ చిన్న గుమ్మం గురించి డైరీలో రెండు సంగతులు రాశాను. ఒకటి, దానికి తలుపనేది ఎప్పుడూ లేదు. బందులు దిగ్గొట్టిన గుర్తు గానీ, గడియ పట్టిన గుర్తు గానీ రాతిలో ఎక్కడా లేదు. రెండు, గడప రాయి మధ్యలో గిన్నెలా అరిగి ఉంది. అందులోంచి ఆవు పట్టదు. మనుషులకి పెద్ద గుమ్మం ఉంది. మరి ఆ రాతిని అంతగా అరగదీసింది ఎవరి రాకపోకలో నాకు అర్థం కాలేదు.

పక్క పొలం టెడ్ అనే ముసలాయనది. ఆ సావిడి ఒకప్పుడు వాళ్ళ తాతదట. అడిగితే, తన చిన్నప్పుడు కూడా దానికి తలుపు లేదన్నాడు. ఎందుకని అడిగితే, "నెవర్ థాట్ టు ఆస్క్, మేట్" అని నవ్వాడు. దాచిపెట్టినట్టు లేదు. నిజంగానే తెలియదు.

సెప్టెంబరులో సుజాతకి నాలుగో నెల. అంతకు ముందు పోయిన రెండూ ఐదో నెలలోపే. రోజులు దగ్గరపడుతున్నకొద్దీ పిల్ల తిండి మానేసింది. నాతో చెప్పకుండా సావిడి ప్లాను గీసి, గుంటూరులో ఎవరో వాస్తు చెప్పే ఆయనకి ఫ్యాక్స్ పంపింది. నైరుతిలో గుమ్మం ఉంటే గర్భం నిలవదని, వెంటనే మూయించమని ఆయన జవాబు.

"మొదటిసారి పోయినప్పుడు ఈ స్థలం మీది కాదు కదమ్మా" అన్నాను.

"నాన్నా, లాజిక్ చెప్పకండి ప్లీజ్. మూయించండి. అంతే."

కరీం పక్కనే ఉన్నాడు. "భాభీ, ఈ దేశంల సూర్యుడే ఉల్టా నడుస్తడు, ఉత్తరం దిక్కున. మరి వాస్తు సీధా ఎట్లుంటది?" అన్నాడు. సుజాత నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. కరీం చెవులు పట్టుకుని క్షమించమన్నాడు.

వాస్తు మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ రాళ్ళు పేరిస్తే పిల్ల రెండు ముద్దలు తింటుందంటే పేర్చకుండా ఎలా ఉంటాను? ఆదివారం ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టాం. రవి, కరీం రాళ్ళు అందించారు. నేను కట్టాను. నాలుగుంపావుకి పై వరసలో ఆఖరి రాయి బిగించాను. బయటివైపు రాళ్ళ సందులు సున్నంతో పూడ్చి తీర్చి, లోపలివైపు పూత వేసి, ఎండిపోకుండా తడి గోనెపట్టా కప్పాను. రాత్రి సుజాత పప్పు, ఆవకాయ వేసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. అది కూడా డైరీలో ఉంది.

మూడు వారాల తర్వాత చూస్తే సావిడి లోపల వేసిన పూత అంతా గట్టిపడింది. మూసిన గుమ్మం మేర మాత్రం పచ్చిగానే ఉంది. బొటనవేలు నొక్కితే కణుపు దాకా దిగింది.

రవికి చెప్పాను. "ఇక్కడ సౌత్ వాల్‌కి ఎండ తగలదు మామయ్యగారూ, మనకి ఉత్తరపు గోడలాగ" అన్నాడు. అది సబబే. కానీ అదే గోడ మీద, అదే రోజు, అదే తొట్టిలో కలిపిన సున్నం, ఒక జానెడు పక్కన రాయిలా ఉంది. గీత గీసినట్టు గుమ్మం అంచు దగ్గరే పచ్చి మొదలవుతోంది. గీకేసి రెండోసారి వేశాను. ఇసక మార్చి మూడోసారి. బెల్లం మానేసి నాలుగోసారి. బయట పునాది వెంట రెండడుగులు తవ్వి తడి ఉందేమో చూశాను. నేల పొడిగా ఉంది. బయటివైపు సందులు ఉలి దిగనంత గట్టిగా ఉన్నాయి. లోపల మాత్రం పచ్చి.

ముప్ఫై నాలుగేళ్ళలో సున్నం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

తర్వాత టెడ్ కుక్క సంగతి. ముసలి కుక్క, మా వెనకాలే తిరిగేది. పెద్ద గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. వెళ్ళేటప్పుడు మూసిన గోడకి ముక్కు ఆనించి నిలబడింది. పిలిస్తే తోక ఊపుతుంది, తల తిప్పుతుంది, కదలదు. వెనకాల పదడుగుల గుమ్మం బార్లా ఉంది. చివరికి టెడ్ ఎత్తుకుని తీసుకెళ్ళాడు. పాత అలవాటు అనుకున్నాం. ఆ తర్వాత అది సావిడి ఛాయలకి రాలేదు.

మరుసటి ఆదివారం కరీం ఇసక తట్ట పట్టుకుని బయటికి వెళ్తున్నవాడల్లా ఆ గోడకి నుదురు కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది. "తలకాయ ఖరాబైంది అంకుల్, గోడ దిక్కు ఎందుకు పోయిన్నో సమజ్ కాలే" అని నవ్వాడు. ఆ రోజు నుంచి ఏదో ఒక వంకతో బయటి పనే చేశాడు. లోపలికి రమ్మని నేను బలవంతపెట్టలేదు.

మూడోది నా వంతు. అక్టోబరు చివర, ఒక పనిరోజు. రవి సెలవు పెట్టి నన్ను దింపి, మేకులు, చెక్కలు తేవడానికి దగ్గర్లో ఉన్న ఊరికి వెళ్ళాడు. పదకొండు గంటలకి లోపల పని ముగించి నీళ్ళు తాగుదామని కదిలాను. నీళ్ళ సీసా బయట బల్ల మీద ఉంది. నాకు కనిపిస్తోంది. పెద్ద గుమ్మంలోంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ వెలుగులోకి నడిచాను. పన్నెండు అడుగులు వేసేసరికి నా చెయ్యి తడి సున్నాన్ని తాకింది.

వెనక్కి తిరిగాను. గుమ్మం అక్కడే ఉంది. ఎండ ఉంది, సీసా ఉంది. మళ్ళీ నడిచాను. మళ్ళీ సున్నం.

కళ్ళు తిరగలేదు. నాడి చూసుకున్నాను, నిమిషానికి డెబ్భై ఆరు. పేరు, ఊరు, వారం చెప్పుకున్నాను. గోడ పట్టుకుని నాలుగు మూలలూ తిరిగితే గుమ్మం రాక తప్పదని, ఎడమ చెయ్యి రాతి మీద ఆనించి నడిచాను. పడమటి గోడ, ఉత్తరపు గోడ, తూర్పు గోడ మొదలు, తర్వాత తడి. మధ్యలో పదడుగుల ఖాళీ నా చేతికి తగల్లేదు.

భయం అప్పుడు కాదు, దాహం మొదలయ్యాక వేసింది. కేక వేస్తే వినేవాళ్ళు కిలోమీటరు దూరంలో టెడ్ ఒక్కడే. బుర్ర నిలకడగా ఉండాలని జేబులోంచి డైరీ తీసి, ప్రయత్నించినప్పుడల్లా టైము రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. పదకొండూ పది నుంచి రెండూ ఇరవై దాకా పదిహేడుసార్లు రాశాను. పదిహేడింటికీ ఎదురుగా 'గోడ' అనే మాటే ఉంది.

రెండున్నరకి రవి వచ్చాడు. గుమ్మంలో నిలబడి "మామయ్యగారూ, భోజనం చేశారా?" అన్నాడు. వచ్చి చెయ్యి పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. ఇద్దరం మామూలుగా బయటికి వచ్చేశాం. ఎండ దెబ్బ అని చెప్పాను.

రాత్రి డైరీ చూసుకుంటే ఆ పేజీ అడుగున ఇంకో వరస ఉంది. నా దస్తూరీయే. 'నైరుతి గుమ్మం 3 అడుగులు, 5 అడుగుల 7 అంగుళాలు. తెరిచి ఉంది. గాలి వస్తోంది.' అది రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు.

గుమ్మం తిరిగి తెరవాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. కానీ ఎవరికి చెప్పను? సుజాతకి ఆరో నెల నిండుతోంది. ఇంతదాకా ఎప్పుడూ రాలేదు. రోజూ పొద్దున్నే పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల కదలిక తెలిశాకే మంచం దిగేది. గాలి కోసం ఆ గోడలో చిన్న కిటికీ పెడదామా అని మెల్లగా అడిగి చూశాను.

"నాన్నా, నాకు ఇది ఆఖరి ఛాన్స్ అని డాక్టర్ చెప్పకపోయినా నాకు తెలుసు. బేబీ చేతికొచ్చేదాకా ఆ గోడ జోలికి వెళ్ళనని నాకు మాటివ్వండి."

మాటిచ్చాను. ఆ రోజు నుంచి నేను సావిడిలో లేకపోయినా సావిడిలో ఉన్నట్టే ఉండేది. తెరిస్తే పిల్ల గుండె చెదురుతుంది. ఆ బెంగతో ఏమైనా అయితే ఆ పాపం నాది. తెరవకపోతే లోపలికి అడుగుపెట్టిన వాళ్ళు ఏమవుతారో తెలియదు. నేను చేయగలిగింది ఒక్కటే, సుజాతని అక్కడికి రానివ్వకపోవడం. నవంబరంతా అదీ ఇదీ చెప్పి ఆపాను.

డిసెంబరు ఆఖరి వారంలో ఆ దారి కూడా మూసుకుపోయింది. ముప్ఫై ఒకటి రాత్రి కంప్యూటర్లు పడిపోతే కరెంటు, నీళ్ళు ఉండవని పుకారు. రవి రెండు రోజులు బ్యాంకులోనే ఉండాలి. నిండు నెలల పిల్లని చీకట్లో పట్నంలో ఉంచలేనని, పొలంలో వాననీటి ట్యాంకు, గ్యాసు పొయ్యి, పడుకోవడానికి చక్రాల మీది గది లాంటి కారవాన్ ఉన్నాయి కదా అక్కడికి వెళ్ళమని రవి పట్టుబట్టాడు. లోకంలో భద్రమైన చోటు అదేనని అతని లెక్క. నా దగ్గర ఎదురు చెప్పడానికి నలుగురిలో చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు.

కరీం కారులో తీసుకెళ్ళాడు. శుక్రవారం, రంజాన్ నెల. జుమ్మా నమాజు చదువుకుని ఉపవాసంతోనే కారు నడిపాడు. "దుకాణంల బియ్యం బస్తాలు సఫా అయినయ్ అంకుల్. చింతపండు కూడ లేదు. ప్రళయమొచ్చినా మనోళ్ళు పులిహోర మాత్రం ఆపరు" అని దారంతా నవ్వించాడు. సుజాత చాలా రోజులకి గట్టిగా నవ్వింది.

మూడూ నలభైకి చేరాం. ఎండ మండుతోంది. దిగగానే పెద్ద గుమ్మానికి అడ్డంగా, నడుము ఎత్తున రెండు పలకలు కట్టాను. పైన గోనెపట్టా వేలాడదీశాను, ఒక పక్క జానెడు వదిలి. సుజాతని చెట్టు నీడలో కుర్చీలో కూర్చోబెట్టి కారవాన్‌లో టీ పెడుతున్నాను. కరీం ట్యాంకు దగ్గర ఉన్నాడు. నాలుగూ ఇరవై ఐదుకి టీ తెచ్చేసరికి కుర్చీ ఖాళీ.

పలకలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నిండు నెలల మనిషి వాటిని దాటలేదు, కిందనుంచి దూరలేదు. అయినా గోనెపట్టా పక్క సందులోంచి చూస్తే సుజాత లోపలే ఉంది. మూసిన గోడకి నుదురు, రెండు అరచేతులు ఆనించి నిలబడి ఉంది. చేతులు మణికట్టు దాకా సున్నంలో దిగి ఉన్నాయి.

కరీం అని కేక వేసి, పలకలు లాగేసి, గోనెపట్టా ఒక పక్కకి కట్టి లోపలికి వెళ్ళాను. వెళ్ళకూడదని తెలిసే వెళ్ళాను.

"సుజాతా, రామ్మా, బయటికి వెళ్దాం."

"వెళ్తున్నాం కదా నాన్నా" అంది మామూలుగా. అని, కాస్త విసుగ్గా, "తొయ్యకండి. ఒక్కొక్కళ్ళం వెళ్దాం" అంది.

నేను ఆమెకి చేతికందే దూరంలో కూడా లేను.

దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది. అప్పుడే నడుము పట్టుకుని వంగిపోయింది. నొప్పి. నెల ముందే. కరీం పెద్ద గుమ్మంలో నిలబడి చేతులు ఊపుతున్నాడు. "ఇటు అంకుల్! ఇగో నేనీడున్న! నా దిక్కు రాండి!"

అతని ముఖం మీద చెమట కూడా కనిపిస్తోంది. సుజాతని నడిపించుకుంటూ అతని మీదే చూపు నిలిపి నడిచాను. పన్నెండు అడుగులు. నా వీపుకి తడి తగిలింది.

కరీం చేతులు ఆగిపోయాయి. తర్వాత తను చూసింది చెప్పాడు. మేమిద్దరం అతని ముఖంలోకి చూస్తూనే వెనక్కి నడిచామట. మూడుసార్లు ప్రయత్నించాం, మూడుసార్లూ అంతే. నాలుగోసారికి సుజాత నేల మీద కూలబడింది.

లోపలికి రావొద్దని, గునపం తీసుకుని బయటినుంచి గుమ్మం పగలగొట్టమని అరిచాను. రెండు నెలలు ఆ మాట అనలేక ఛస్తే, అప్పుడు ఒక్క క్షణంలో నోట్లోంచి వచ్చింది. సుజాత నా వైపు చూసింది. వద్దంటుందనుకున్నాను. "తొందరగా నాన్నా" అంది.

తెల్లవారకముందు తినే సహరీ తర్వాత నీటిచుక్క తాగని మనిషి, ఆ ఎండలో గునపం ఎత్తాడు. నా సున్నం అతనికి లొంగలేదు. బయటివైపు అంత గట్టిగా కట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నేను కట్టిన గోడ కాబట్టి నాకు దాని గుట్టు తెలుసు. "పై వరస! నీ ఎడమ నుంచి మూడో రాయి! చిన్నది!" అని చెప్పాను. దాని చుట్టూ తవ్వాడు. మధ్యమధ్యలో "యా అల్లా" అనడం వినిపించేది. ఐదూ ఇరవై రెండుకి ఆ రాయి బయటికి వచ్చింది. చేతివెడల్పు ఆకాశం కనిపించింది.

వెంటనే గాలి కదిలింది. బయటినుంచి లోపలికి కాదు, లోపలినుంచి బయటికి. మా వెనకనుంచి, మా చెవుల పక్కనుంచి, ఆ కంతలోకి. నేల మీది గడ్డిపరకలు గోడ వైపు జరిగాయి. సుజాత జుట్టు ముందుకి పడింది. గాలి ఒకే ఒరవడిగా పోలేదు. ఆగుతూ, మళ్ళీ కదులుతూ, ఒకటి పోయాక ఇంకొకటి పోతున్నట్టు పోయింది. కరీం గునపం వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. చెట్ల మీద ఆకు కదలడం లేదని, కంతలోంచి మాత్రం ముఖం మీదికి చల్లగా కొట్టిందని చెప్పాడు.

గడియారం చూశాను. చేయగలిగిన పని అదొక్కటే. గాలి ఆగేసరికి ఐదూ ముప్ఫై మూడు. పదకొండు నిమిషాలు.

ఆగాక సుజాత లేచి నిలబడింది. కరీం మిగతా వరసలు మోకాలి ఎత్తు దాకా తీసేశాడు. లోపలివైపంతా పచ్చి కాబట్టి, పై రాయి వదిలాక మిగతావి తేలిగ్గా ఊడి వచ్చాయి. ఆమెని చేతులు పట్టి దాటించి కారెక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ముందు పిల్లని తీసుకెళ్ళు, నా కోసం ఆగొద్దన్నాను.

కారు వెళ్ళాక నేను తూర్పుకి తిరిగాను. పెద్ద గుమ్మం వైపు నడిచాను. పన్నెండు అడుగులు, ఇంకా కొన్ని అడుగులు, తర్వాత ఎండ. ఏ ఇబ్బందీ లేకుండా బయటికి వచ్చేశాను. చిన్న గుమ్మంలోంచి రావడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆసుపత్రిలో నొప్పులు తగ్గాయి. అర్ధరాత్రి కరెంటు పోలేదు, కంప్యూటర్లూ పడిపోలేదు. జనవరి చివర్లో ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, మంచి గొంతుతో. సుజాత వాస్తు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ గుమ్మానికి తలుపు పెట్టొద్దని రవికి చెప్పింది తనే. 'తొయ్యకండి' అన్నావెందుకని ఒకసారి అడిగాను. "ఇరుకుగా ఉంది కదా నాన్నా" అంది. ఇంకేమీ జ్ఞాపకం లేదంది.

రవి శాస్త్రం తెలిసినవాడు. వేడి, గాలి ఒత్తిడి, నీరసం, భయం అని ఒక్కొక్కటీ విడదీసి చెప్పాడు. నేనూ అలాగే ఆలోచించాను. కానీ లోపలి గాలి బయటికి పోవాలంటే ఎక్కడినుంచో లోపలికి రావాలి. ఆ పదకొండు నిమిషాలూ పెద్ద గుమ్మం పక్కన కట్టిన గోనెపట్టా అంగుళం కదల్లేదు, నేను చూశాను. వచ్చే గాలి లేదు, పోయే గాలి మాత్రం ఉంది. దీనికి నా దగ్గర లెక్క లేదు.

ఇన్నేళ్ళ తర్వాత నన్ను వేధిస్తున్నది ఆ లెక్క కాదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా మనుషులు తూముల్లోకి దిగి పూడిక తీసేవారు. పని అయ్యాక తలుపు దించే ముందు, కాలువ కాపలా చూసే మా లస్కరు తూము నోట్లో తలపెట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని మూడుసార్లు కేక వేసేవాడు. జవాబు రాదని తెలిసినా వేసేవాడు. వేయకుండా తలుపు దించితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నా ఉద్యోగమంతటిలో ఒక్కసారి కూడా ఆ కేక లేకుండా ఏదీ మూయలేదు.

ఆ ఆదివారం నాలుగుంపావుకి, ఆఖరి రాయి చేతిలో పట్టుకుని, నేను పిలవలేదు. ఖాళీ సావిడే కదా అనుకున్నాను.